విజ్ఞాన వీధి: వండూర్ బురదలో రెండు నెలలు



వేసవి సమీపించినదంటే మన టౌన్‌షిప్‌లో ప్రతి ఇంటి వరండాలోనూ ఒకే చర్చ వినవస్తుంది. పిల్లలను ఏ కోచింగులో చేర్పించాలి, ఏ పరీక్షకు కూర్చోబెట్టాలి, ఎవరి అబ్బాయికి ఏ ర్యాంకు వచ్చినది అన్నదే ఆ చర్చ. ఈమధ్య క్యాంటీనులో టీ త్రాగుతూండగా మన మెకానికల్ విభాగపు మిత్రుడొకరు నా ప్రక్కకు వచ్చి కూర్చొని, "అయ్యా, మా అమ్మాయిని వేసవిలో రెండు నెలలు పరిశోధన శిక్షణకు రమ్మని ఉత్తరం వచ్చినది. మొక్కల మీద పనియట. ఆ రెండు నెలలూ కోచింగుకు పోతే ఉద్యోగమైనా వస్తుంది కదా! పంపమంటారా, మానమంటారా?" అని అడిగినారు.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. కారణమేమంటే, క్రిందటి సంవత్సరం సరిగ్గా ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ పుట్టినది. అప్పుడు నేను చెప్పిన సమాధానం వేరు, ఈనాడు చెప్పబోయేది వేరు. ఈ మార్పునకు కారణమైన కథను ఈ నెల మీ ముందు ఉంచుతున్నాను.

ఇంటిలో జరిగిన వాదం

మా అమ్మాయి అప్పుడు వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సి. మొదటి సంవత్సరం పూర్తి చేస్తున్నది. ఒకనాటి సాయంత్రం ఇంటికి వచ్చి, "నాన్నా, మా మేడమ్ సిఫారసు చేసినారు. మే, జూన్ నెలలు అండమాన్‌లో పని. వండూర్ అనే ఊరు. మడ అడవుల మొక్కలను లెక్కించాలి," అని చెప్పినది. భోజన వసతి వారిదే, ప్రయాణపు ఖర్చు మనది. చివర ఒక నివేదిక వ్రాసి ఇవ్వాలి.

నేను బ్యాంకు పరీక్షల కోచింగుకు అప్పటికే బయానా కట్టి ఉన్నాను. "మొక్కలను లెక్కించడానికి సముద్రం దాటి పోవాలా? మన కాకినాడ ప్రక్కన కోరింగలో లేవా మడ చెట్లు?" అన్నాను. వారి అమ్మ భయం వేరు. "అక్కడ మొసళ్ళు ఉంటాయట, వానలట, ఫోను సరిగా అందదట. ఆడపిల్లను ఒంటరిగా ఎట్లా పంపుతాము?" అని ఆమె అన్నది.

అమ్మాయి ఎదురు చెప్పలేదు. మూడు రోజులు మౌనంగా ఉన్నది. నాలుగవ నాడు, "నాన్నా, ఇన్నేళ్ళూ పుస్తకంలో ఉన్నది చదివి పరీక్షలో వ్రాసినాను. ఒక్కసారి పుస్తకంలో లేనిది చూసి వ్రాయాలని ఉన్నది. రెండు నెలలే కదా," అన్నది. ఆ మాటకు మా ఇంట్లో ఎవరి వద్దనూ జవాబు లేకపోయినది. కట్టిన బయానా వదులుకొని చెన్నై నుంచి విమానం టిక్కెట్టు కొన్నాను. మనసులో మాత్రం, రెండు నెలలు వృథా అయినట్లే అనుకొన్నాను.

వండూర్ ఎక్కడ?

అండమాన్ నికోబార్ దీవుల రాజధానిని మనము పోర్ట్ బ్లెయిర్ అని పిలిచేవారము. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చినారు. ఆ నగరానికి నైరుతి దిశగా, రోడ్డు మార్గాన పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో, దక్షిణ అండమాన్ పడమటి తీరాన ఉన్న పల్లె వండూర్. మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానానికి ఇదే ముఖద్వారం. 1983 మే 24న ప్రకటింపబడిన ఈ ఉద్యానం విస్తీర్ణం సుమారు 281 చదరపు కిలోమీటర్లు. పగడాలను చూడడానికి జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు వెళ్ళే యాత్రికులు ఇక్కడి జెట్టీ వద్దనే పడవ ఎక్కుతారు. ఉత్తర వండూర్‌లో అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ అనే క్షేత్ర పరిశోధన కేంద్రం మూడు దశాబ్దాలకు పైగా ఉన్నది. దేశం నలుమూలల నుంచి విద్యార్థులు ఆ ప్రాంతానికి పరిశోధనకై వస్తూ ఉంటారు.

మన తెలుగువారికి ఆ దీవులు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజలలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వెళ్ళిన మత్స్యకార కుటుంబాలు తరాలుగా అక్కడ స్థిరపడి ఉన్నవి. మా అమ్మాయి బృందానికి పడవ నడిపి, బురదలో దారి చూపిన సహాయకుడు కూడా అటువంటి కుటుంబపువాడే. ఆమె ఆయనను బాబాయ్ అని పిలిచేది, ఆయన ఆమెను తల్లీ అని పిలిచేవాడు. ఈ విషయం ఫోనులో విన్న తరువాతనే వారి అమ్మకు కంటికి కునుకు పట్టినది.

ఒకే భూకంపం, రెండు రకాల నష్టం

వండూర్‌లో మడ మొక్కలను లెక్కించవలసిన అవసరం ఎందుకు వచ్చినదో తెలుసుకోవాలంటే 2004 డిసెంబరు 26వ తేదీని స్మరించుకోవాలి. ఆనాటి ఉదయం ఆరున్నర గంటల ప్రాంతంలో సుమత్రా సముద్రగర్భంలో పుట్టిన భూకంపమూ, దాని వెంట వచ్చిన సునామీ మనందరికీ జ్ఞాపకమే. మన తీరంలో అల వచ్చి వెనుకకు పోయినది. అండమాన్‌లో మాత్రం అల పోయిన తరువాత కూడా నీరు పోలేదు. దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు మేరకు క్రుంగిపోయినది. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొనన ఉన్న ఇందిరా పాయింట్ వద్ద నాలుగు మీటర్లకు పైగా క్రుంగినది. ఇందుకు భిన్నంగా ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచినది.

మడ చెట్టు జీవితం ఆటుపోట్ల మీద ఆధారపడినది. పోటు వచ్చినప్పుడు వేళ్ళు మునగాలి, పాటు వచ్చినప్పుడు తేలాలి. బురదలో ప్రాణవాయువు దాదాపు ఉండదు. అందువలన తెల్ల మడ, నల్ల మడ చెట్లు పెన్సిళ్ళవంటి శ్వాసవేళ్ళను నేలపైకి పంపుతవి. ఉప్పుపొన్న చెట్టు కాండము నుంచి వంపు తిరిగిన ఊతవేళ్ళను దించుతుంది. ఆ వేళ్ళ మీద ఉండే సన్నని రంధ్రాలు పాటు సమయంలో గాలిని పీల్చుకొంటవి. నేల క్రుంగిన చోట వేళ్ళు ఎల్లవేళలా నీటిలోనే ఉండిపోయి ఊపిరాడక చెట్లు చచ్చిపోయినవి. నేల లేచిన చోట పోటు నీరు అందక ఎండిపోయినవి. ఒకే భూకంపం వలన ఒకచోట నీరు ఎక్కువై, మరొకచోట నీరు లేక ఒకే రకపు చెట్లు నశించడం గమనింపదగిన విషయం.

దక్షిణ అండమాన్‌లో ఇంకొక మార్పు కూడా జరిగినది. తీరపు పల్లెలలో వరి పండిన పల్లపు పొలాలలోకి ఉప్పునీరు శాశ్వతంగా చేరినది. కాలక్రమాన ఆ పొలాలలోనే, ఎవరూ నాటకుండా, పోటుతో కొట్టుకువచ్చిన విత్తనాల నుంచి మడ మొక్కలు మొలకెత్తసాగినవి. ఏ జాతి ముందుగా వస్తుంది, ఏది నిలుస్తుంది, గట్టు తెగిన చోటికీ తెగని చోటికీ తేడా ఏమి, అన్న ప్రశ్నలు పరిశోధకుల ముందు ఉన్నవి. వాటిలో ఒక చిన్న ముక్క మా అమ్మాయి చేతికి ఇచ్చినారు. ఉప్పునీరు చేరిన ఒక పల్లపు నేలలో, గట్టు తెగిన చోటి నుంచి లోపలికి పోయేకొద్దీ ఉప్పుపొన్న మొలకలు ఎట్లా మారుతున్నవో చూడడం ఆమె పని.

ప్రతిదినపు పని

ఈ పని వినడానికి తేలిక. గట్టు తెగిన చోటి నుంచి లోపలికి తాడు కట్టాలి. తాడు పొడవునా నిర్ణీత దూరాలలో చతురస్రాలు గుర్తించాలి. ఒక్కొక్క చతురస్రంలో ఉన్న ప్రతి మొలకకూ అంకె వేసిన ప్లాస్టిక్ బిళ్ళ కట్టి, దాని జాతి, ఎత్తు, ఆకుల సంఖ్య పుస్తకంలో వ్రాసుకోవాలి. నీటిలో ఉప్పు ఎంత ఉన్నదో పరికరంతో చూడాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వాన కురిసిన రోజున అది తగ్గుతుంది. మూడు వారాల తరువాత మరల వచ్చి, ఏ మొలక ఉన్నది, ఏది పోయినది చూడాలి.

చేయడం మాత్రం కష్టం. పని గడియారాన్ని అనుసరించి సాగదు, సముద్రాన్ని అనుసరించి సాగుతుంది. పోటు ప్రతిదినమూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది గనుక ఒకనాడు తెల్లవారుజామున లేవాలి, మరొకనాడు మధ్యాహ్నపు ఉక్కలో దిగాలి. బురద మోకాటి వరకు దిగబడుతుంది. దానికి తోడు మే మూడవ వారం నాటికి నైఋతి ఋతుపవనాలు సాధారణంగా అండమాన్‌ను తాకుతవి. మనకు ఇక్కడ రోహిణి ఎండలు కాస్తుండగా అక్కడ కుంభవృష్టి. ఉప్పునీటి మొసళ్ళు తిరిగే ప్రాంతం కావున బాబాయ్ ముందుగా చూసి రమ్మన్న తరువాతనే ఎవరైనా దిగాలి, ఒంటరిగా ఎవరూ నీటి అంచుకు పోరాదు. ఈ నియమాన్ని ఆ బృందంలో అందరూ కచ్చితంగా పాటించేవారు.

మొదటి వారం అమ్మాయి ఉత్సాహంగా ఫోను చేసేది. ఉప్పుపొన్న విత్తనం చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుందట. కాయ నుంచి పచ్చని పొడవాటి మొలక జానెడు, మూరెడు వ్రేలాడి, పక్వమైన తరువాత క్రింద పడుతుందట. పాటు వేళ పడితే అక్కడే బురదలో నాటుకొంటుంది, పోటు వేళ పడితే తేలుతూ పోయి దూరాన ఎక్కడో నిలుస్తుంది. "తల్లి దగ్గర కొంత పెరిగి తరువాత బయటికి పోతుంది నాన్నా," అని నవ్వినది. ఆ నవ్వులోని చురక నాకు అర్థమైనది.

తప్పు బయటపడిన రోజు

జూన్ మొదటి వారంలో ఒక రాత్రి ఫోను వచ్చినది. గొంతు బాగులేదు. ఏమైనదని అడిగితే చాలాసేపు చెప్పలేదు. తరువాత తెలిసినది ఇది.

ఆ తావులో ఉప్పుపొన్నలు రెండు రకాలు ఉన్నవి. శాస్త్రీయంగా ఒకటి రైజోఫోరా ఎపిక్యులేటా, రెండవది రైజోఫోరా మ్యూక్రొనేటా. పెద్ద చెట్లలో తేడా సులువుగా తెలుస్తుంది. లేత మొలకలలో అంత సులువు కాదు. మొదటి రెండు వారాలు ఆమె ఒక్కతే జాతిని నిర్ణయించి పుస్తకంలో వ్రాసుకొన్నది. మరల లెక్కించడానికి వెళ్ళిన రోజున ఆమె అంకెలు చదువుతూంటే బాబాయ్ ఒక మొలకను చేతితో తాకి, "తల్లీ, ఇది నువ్వు చెప్పినది కాదు. దీని ఆకు వెడల్పు చూడు, క్రింద కాయ పొడవు చూడు. ఇది రెండవది," అన్నాడు. ఆమె మొదట ఒప్పుకోలేదట. తరువాత మార్గదర్శకురాలిని పిలిచి చూపితే ఆయన మాటే నిజమైనది. ఒక్క మొలకతో పోలేదు. ఎన్నిటిని అట్లా తారుమారుగా వ్రాసినదో తేల్చుకొనే మార్గం లేదు. కొన్ని మొలకలు అప్పటికే పీతల పాలైనవి, కొన్ని పోటులో కొట్టుకుపోయినవి. లేని మొలకను తిరిగి పరీక్షించేది ఎట్లా?

ఉన్న మొలకల పేర్లు సరిదిద్ది, పోయిన వాటిని ఉన్న నిష్పత్తిలో అంచనా వేసి నింపివేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన తనకు వచ్చినదని అమ్మాయి దాచకుండా చెప్పినది. ఆ రాత్రంతా పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నదట. తెల్లవారిన తరువాత మార్గదర్శకురాలి వద్దకు వెళ్ళి, "మేడమ్, మొదటి రెండు వారాల జాతి లెక్క నమ్మదగినది కాదు," అని చెప్పినది. ఆమె కోపపడలేదు. ఆ పుటల మీద అడ్డగీత గీసి, తేదీ వేసి, కారణం వ్రాసి, సంతకం చేయమన్నది. పుటలు చించవద్దని మాత్రం గట్టిగా చెప్పినది. తప్పు కూడా పుస్తకంలో ఉండవలసినదేనట.

మిగిలిన రోజులలో కొత్త చతురస్రాలు గుర్తించి, ప్రతి మొలకనూ ఇద్దరు చూసిన తరువాతనే వ్రాసినారు. కాలం చాలలేదు. మూడు వారాల తరువాత తిరిగి చూడవలసినది ఒక్కసారి కూడా పూర్తి కాలేదు. నివేదికలో, ఎదుగుదల గూర్చి ఏమీ చెప్పజాలమని వ్రాయవలసి వచ్చినది. ఆ తావులో ఏ ఏ జాతులు ఉన్నవో, గట్టు నుంచి ఎంత దూరంలో ఉన్నవో తెలిపే ఒక పట్టిక మాత్రం మిగిలినది.

నేను దాచిన సంగతి

అమ్మాయి ఇంటికి వచ్చిన నాడు కాళ్ళ నిండా గుల్లల గీతలు, ముఖం నల్లబడి ఉన్నది. నివేదిక నా చేతికి ఇచ్చినది. చదివి, నేను అనరాని మాట అన్నాను. "రెండు నెలలు కష్టపడి తెచ్చినది ఈ ఒక్క పట్టికేనా? అంచనా వేసి నింపితే ఏమి పోయేది? నీవు చిన్న విద్యార్థినివి, ఎవరు అడుగుతారు?" అన్నాను.

అమ్మాయి నెమ్మదిగా, "నాన్నా, మీ లాగ్ బుక్కులో చూడని రీడింగు వ్రాస్తారా?" అని అడిగినది.

పాఠకులారా, నేను ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉన్నది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను పంపుల వద్ద ఆపరేటరును. గంట గంటకూ బేరింగుల ఉష్ణోగ్రత చూసి లాగ్ బుక్కులో వ్రాయాలి. ఒకనాటి నైట్ షిఫ్టులో జోరున వాన. మూడు గంటల రీడింగునకు నేను బయటికి పోలేదు. రెండు గంటలకు ఉన్న అంకెనే మూడు గంటల గడిలో వ్రాసినాను. నాలుగు గంటలకు వెళ్ళి చూస్తే బేరింగు కాలిపోయేటంత వేడిగా ఉన్నది. వెంటనే పంపు ఆపించినాను. ప్రమాదమేమీ జరుగలేదు. మరునాడు ఉదయం ఫోర్‌మన్‌గారు పుస్తకం చూసి, "మూడు గంటల వరకు బాగానే ఉన్నది. అంటే హఠాత్తుగా పెరిగినదన్నమాట," అని నిశ్చయించుకొని, హఠాత్తుగా జరుగదగిన కారణాల కోసం రోజంతా వెదికించినారు. శీతల జలపు వాల్వులు విప్పించినారు. చివరకు తేలినది, నూనె నెమ్మదిగా కారిపోయి వేడి క్రమంగా పెరిగినదని. పదిమంది మనుషుల ఒక రోజు శ్రమ నేను వ్రాసిన ఒక్క అంకె వలన వృథా అయినది. ఆయన నా వైపు చూసి, "నీవు మూడు గంటలకు చూసినావు కదా?" అని అడిగినారు. చూసినానన్నాను.

ఆయన పదవీ విరమణ చేసి చాలా కాలమైనది. నేను నిజం చెప్పే అవకాశం ఇక లేదు. ఆ సాయంత్రం మొట్టమొదటిసారిగా నా కుమార్తెకు చెప్పినాను. ఆమె నన్ను నిందించలేదు. "అందుకే నాన్నా, ఒక్క పట్టికైనా సరే," అన్నది. ఆ మాటతో మా వాదం ముగిసినది.

అంకె వెనుక ఉన్న మనుషులు

ఇంత చిన్న లెక్కలో పొరపాటు వస్తే లోకానికి వచ్చే నష్టమేమి అని కొందరికి అనిపించవచ్చును. అమ్మాయి దినచర్య పుస్తకంలో వ్రాసుకొన్న ఒక సంఘటన ఇందుకు సమాధానం. ఒకనాడు ఆమె తాడు కడుతూండగా గట్టు మీద నిలబడిన వృద్ధ రైతు ఒకాయన హిందీలో, "అమ్మా, నీవు లెక్కించేది నా వరిపొలం," అన్నాడట. ఆయనకు ఆ మొక్కలు అడవి కావు, పోయిన పంట. గట్టు కట్టి నీటిని తోడి మరల వరి వేయవచ్చునా, లేక ఆ నేలను సముద్రానికి వదిలివేయవలసినదేనా అన్నది ఆయన ప్రశ్న. ఆ నిర్ణయం చేసే అధికారులకైనా, శాస్త్రజ్ఞులకైనా ముందుగా తెలియవలసినది, అక్కడ నిజంగా ఏమి ఉన్నదో, ఉప్పు ఎంత ఉన్నదో, నీరు ఏ మేరకు వచ్చిపోతున్నదో. తప్పు లెక్క మీద కట్టిన గట్టు ఎవరికీ మేలు చేయదు.

సునామీ తరువాత శ్రీలంకలో ఎందరో సదుద్దేశంతో తీరం వెంబడి మడ మొక్కలు నాటించినారు. చాలాచోట్ల అవి బ్రతుకలేదు. ఆ నేల ఎత్తునకు, ఆ నీటికి ఏ జాతి సరిపడుతుందో చూడకుండా నాటడం అందుకు ఒక ముఖ్య కారణం. నేల మట్టంలో కొద్దిపాటి తేడా కూడా మడ మొక్కకు చావు బ్రతుకుల సమస్య. ఎపిక్యులేటానా, మ్యూక్రొనేటానా అన్న ప్రశ్నకు విలువ అక్కడ తెలుస్తుంది.

పూర్వులు ఈ సంగతి ఎరిగినవారే. సుల్పిజ్ కుర్జ్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు అండమాన్ వృక్షసంపదపై వ్రాసిన నివేదిక 1870లో వెలువడినది. అటవీ అధికారి పార్కిన్సన్ అండమాన్ అడవుల వృక్షాలపై వ్రాసిన గ్రంథం 1923 నాటిది. ఆనాటి రేవులు మారినవి, పాలకులు మారినారు, చివరకు నేల మట్టమే మారినది. అయినప్పటికీ, పూర్వం అక్కడ ఏమేమి ఉండేవో తెలుసుకోవలసి వచ్చినప్పుడు నేటి పరిశోధకులు ఆ పుటలు తెరుస్తున్నారు. వారు చూసినది వ్రాసినందువలననే అవి నూరేళ్ళ తరువాత కూడా పనికివస్తున్నవి.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు

ఇక మన మెకానికల్ మిత్రునికీ, ఇటువంటి ఉత్తరాలు అందుకొన్న ఇతర కుటుంబాలకూ ఉపయోగపడే నాలుగు మాటలు.

వేసవి పరిశోధన శిక్షణకు ప్రయత్నించేవారు వేసవి వరకు ఆగరాదు. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి విద్యార్థులకు రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తున్నవి. వీటికి కొన్ని నెలల ముందుగానే దరఖాస్తు చేయవలసి ఉంటుంది. మార్కుల జాబితాతోపాటు ఉపాధ్యాయుని సిఫారసు, ఏమి నేర్చుకోదలచినారో తెలిపే స్వంత వ్రాత ముఖ్యం. ఆ వ్రాతను పిల్లలనే వ్రాయనివ్వండి. మనము వ్రాసి ఇచ్చినది చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

మొక్కల శాస్త్రంలో ఆసక్తి గలవారికి మన దగ్గరలోనే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ వంటి సంస్థలు ఉన్నవి. అండమాన్‌లోనైతే భారత వృక్ష సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం 1972 నుంచి, కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ 1978 నుంచి పనిచేస్తున్నవి. కళాశాల అధ్యాపకుల ద్వారా మర్యాదగా ఉత్తరం వ్రాసి అడగడంలో తప్పు లేదు. పది ఉత్తరాలకు ఒక్క జవాబు వచ్చినా చాలును.

పంపేముందు తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవలసినవి కూడా ఉన్నవి. బస ఎక్కడ, క్షేత్రానికి వెంట ఎవరు వస్తారు, అడవులలో పనిచేయడానికి అనుమతి పత్రాలు ఉన్నవా, జబ్బు చేస్తే దగ్గరలో వైద్యం ఎక్కడ అన్న ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం ఉండాలి. ఈ ప్రశ్నలు అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. చిన్నబుచ్చుకొనేవారి వద్దకు పంపనవసరం లేదు.

తిరిగివచ్చిన పిల్లలను, నేను అడిగినట్లు, "ఏమి కనుగొన్నావు?" అని మొదట అడగకండి. రెండు నెలలలో ఎవరూ లోకాన్ని మార్చే విషయం కనుగొనరు. "ఏమి చూసినావు, ఎక్కడ పొరబడినావు, ఎట్లా తెలుసుకొన్నావు?" అని అడగండి. ఆ సంభాషణ వలన మనకు కూడా లాభమే.

వీలున్నవారు ఈ సెలవులలో పిల్లలను కాకినాడ సమీపాన ఉన్న కోరింగ అభయారణ్యానికి తీసుకువెళ్ళవలసినదిగా మనవి. 2021 నాటి భారత అటవీ నివేదిక ప్రకారం దేశంలో మడ అడవుల విస్తీర్ణం 4,992 చదరపు కిలోమీటర్లు. అందులో అండమాన్ నికోబార్ దీవులలో 616, మన ఆంధ్రప్రదేశ్‌లో 405 చదరపు కిలోమీటర్లు ఉన్నవి. కోరింగలో చెక్కబాట మీద నడుస్తూ తెల్ల మడ ఆకును వ్రేలితో తాకి నాలుకకు రాసుకొంటే ఉప్పగా ఉంటుంది. వేళ్ళ ద్వారా చేరిన ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదికి విసర్జిస్తుంది. ఉప్పుపొన్న మాత్రం ఉప్పులో చాలా భాగాన్ని వేళ్ళ వద్దనే అడ్డగిస్తుంది. ఈ తేడాను పిల్లలకు చూపించండి, వారినే చెప్పనివ్వండి.

మా అమ్మాయి ఇప్పుడు ఎం.ఎస్సి. పూర్తి చేసినది. బ్యాంకు పరీక్ష వ్రాస్తుందో, పరిశోధనకు పోతుందో ఇంకా తేల్చుకోలేదు. నేను తొందరపెట్టడం లేదు. వండూర్ నుంచి తెచ్చిన ఆ నోటు పుస్తకం మాత్రం మా ఇంటి అలమరలో ఉన్నది. బురద మరకలతో, అడ్డగీతలు గీసి సంతకం చేసిన పుటలతో సహా అట్లాగే ఉంచినాము. మిత్రునికి నా సమాధానం అడిగితే, "పంపండి" అని చెబుతాను. కోచింగు మరుసటి సంవత్సరమూ ఉంటుంది.

వచ్చే సంచికలో మరొక అంశంతో కలుసుకొందాము. మీ పిల్లల ఇటువంటి అనుభవాలు ఉంటే సంపాదకుల చిరునామాకు వ్రాసి పంపగలరు.